దానం ఖాతా, బాధ్యత ఖాతా

 

మక్కాలో ఒకరోజు దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం ఖురైష్ తెగ పెద్దలతో మాట్లాడుతున్నారు. ఊళ్లో డబ్బూ పలుకుబడీ వాళ్లవే. వాళ్ల మనసు మారితే వెనకే ఊరంతా వస్తుంది. సరిగ్గా అప్పుడే చూపు లేని ఒకాయన అక్కడికొచ్చి, నాకు నాలుగు మంచి మాటలు చెప్పండని అడిగారు. ఆయన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్. ఎదుట ఎవరు కూర్చున్నారో, మాట ఎంతవరకు వచ్చిందో ఆయనకు తెలియదు. అందుకని అడిగిందే మళ్లీ అడిగారు. ప్రవక్త నుదురు చిట్లించి ముఖం అటు తిప్పుకున్నారు. దాని మీద దివ్య ఖుర్ఆన్‌లో ఒక అధ్యాయం అవతరించింది. 80వది, 'అబస'. నీ మాట అక్కర్లేదనుకునేవాళ్ల మీద అంత శ్రద్ధ పెట్టి, పరుగున వచ్చినవాణ్ణి పట్టించుకోవా అని అది స్వయంగా ప్రవక్తనే మందలించింది.

చిట్లించిన నుదురు ఆ వచ్చినాయనకు కనిపించలేదు. కనిపించని ఆ కొద్దిపాటి విసుగుకు వచ్చిన మందలింపును పద్నాలుగు వందల ఏళ్లుగా ముస్లింలు నమాజుల్లో చదువుతూనే ఉన్నారు. ఇవాళ వికలాంగుల పట్ల వ్యాపారసంస్థల బాధ్యత గురించి మాట్లాడాలనుకున్నప్పుడు నాకు మొదట తోచింది ఇదే. ఎవరికి సమయమిస్తే పనికి ఎక్కువ మేలు అన్న ఆలోచన ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. ఆ రోజు ప్రవక్త ఉద్దేశం కూడా మంచిదే, తన కోసం చేసింది కాదు. అంత మంచి ఉద్దేశంలోనూ ఒక మనిషి పక్కకు జరిగిపోకూడదని ఖుర్ఆన్ చెప్పింది.

ఆ తర్వాత జరిగింది నా దృష్టిలో ఇంకా పెద్ద విషయం. మదీనాకు వచ్చాక ప్రవక్త మసీదులో నమాజుకు పిలుపు, అంటే అజాన్, ఇచ్చే మౌజన్లు ఇద్దరు ఉండేవారు. ఒకరు హజ్రత్ బిలాల్, రెండోవారు ఈ ఇబ్నె ఉమ్మె మక్తూమ్. రంజాన్‌లో బిలాల్ ఇంకా చీకటి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. అది విని ఎవరూ ఉపవాసానికి ముందు తినే సహరీ ఆపనక్కర్లేదు, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ వినిపించేదాకా తిని తాగవచ్చని ప్రవక్త ప్రజలకు చెప్పారు. ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారడాన్ని ఊరికి చాటే పని, వెలుగు చూడలేని మనిషికి అప్పగించారు. ఊరంతా ముద్ద నోట్లో పెట్టుకోవాలా, ఆపాలా అన్నది ఆయన గొంతు మీద ఆధారపడి ఉంది. మరి ఆయనకు తెల్లవారిందని ఎలా తెలిసేది? చుట్టుపక్కలవాళ్లు చెప్పేవారు. తెల్లవారిందయ్యా, తెల్లవారింది అని వాళ్లు చెప్పాకే ఆయన అజాన్ మొదలుపెట్టేవారని, ప్రవక్త మాటలూ చేతలూ సేకరించిన బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

ఉద్యోగానికి కావలసిందల్లా ఆయన దగ్గర ఉంది. నిలకడ ఉంది, గొంతు ఉంది, నమ్మకం ఉంది. ఒక్క సమాచారం మాత్రం కంటికి అందదు. ఆ ఒక్కదానికీ పక్కవాళ్లు సాయపడితే సరిపోయింది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోనూ, మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలోనూ దీన్నే సహేతుకమైన సదుపాయం అన్నారు. యజమాని మీద మోయలేని భారం పడకుండా, ఆ మనిషి అందరితో సమానంగా పని చేయడానికి అవసరమైన మార్పు చేయడం. కంప్యూటర్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చేసేది కూడా ఆ తెల్లవారుజాము మదీనాలో పక్కవాళ్లు చేసిన పనే. ఇంకో మాట. ప్రవక్త మదీనా విడిచి దండయాత్రలకు వెళ్లినప్పుడు చాలాసార్లు ఊరి బాధ్యత ఈయనకే అప్పగించి వెళ్లారు. వెనక ఉండి నమాజు చేయించేవారు ఆయనే.

ఆయనకు ప్రవక్త నెలనెలా ఇంత అని భత్యం కట్టి ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే కూడా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఇవాళ మన సంస్థలు చాలావరకు చేస్తున్నది అదే.

దానధర్మాలు ఇస్లాంలో చిన్న విషయం కాదు. నిర్ణీత పరిమితికి మించిన సంపద ఏడాది పాటు చేతిలో ఉంటే అందులో రెండున్నర శాతం జకాత్ తీయాలి. అది దయ తలచి ఇచ్చేది కాదని, సంపన్నుల సొత్తులో లేనివాళ్లకు తెలిసిన హక్కు ఉందని ఖుర్ఆన్ చెబుతుంది. జకాత్ ఎవరికి చెందాలో తొమ్మిదో అధ్యాయంలో ఎనిమిది వర్గాలను చెప్పింది. నిరుపేదలు, అవసరంలో ఉన్నవాళ్లు, అప్పుల్లో మునిగినవాళ్లు, దారిలో చిక్కుకున్న బాటసారులు, ఇలా. ఆ ఎనిమిదిలో వికలాంగులు అన్న వర్గం లేదు. ఇది నన్ను చాలాసార్లు ఆలోచింపజేసింది. చూపు లేని మనిషి పేదవాడైతే పేదవాడిగా జకాత్ తీసుకుంటాడు. అదే చూపు లేని మనిషి నాలుగు గోదాముల యజమాని అయితే జకాత్ ఇవ్వాల్సినవాడు అవుతాడు. లెక్క చేతిలో ఉన్నదాన్ని బట్టి వేశారు, కంటిని బట్టి కాదు.

రంజాన్ నెలలో మీరు హైదరాబాద్ పాతబస్తీలో ఏ పెద్ద మసీదు ముందుకైనా వెళ్లి చూడండి. కాళ్లు లేనివాళ్లు, చక్రాల పలక మీద కూర్చుని చేతులతో నేలను నెట్టుకుంటూ వచ్చేవాళ్లు, చూపు లేక చిన్నపిల్ల భుజం పట్టుకుని నడిచేవాళ్లు వరుసగా కనిపిస్తారు. నమాజు ముగించుకుని వచ్చే వ్యాపారులు జేబులోంచి నోట్లు తీసి ఒక్కొక్కరికీ ఇస్తూ పోతారు. నిండు మనసుతోనే ఇస్తారు, అందులో నాకు సందేహం లేదు. కానీ అదే వ్యాపారి దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని చేసే పని ఉంది. ఫోన్‌లో ఆర్డర్లు రాసుకునే పని ఉంది. సరుకు లెక్క చూసే పని ఉంది. వాటిలో ఏదీ కాళ్లతో చేసేది కాదు. పలక మీద కూర్చున్న ఆ కుర్రాడు పదో తరగతి చదివాడా, డిగ్రీ చదివాడా అని నోటు ఇచ్చే మనిషి ఎప్పుడైనా అడిగాడా?

ఒక అన్సారీ, అంటే మదీనావాసి, ప్రవక్త దగ్గరికి సాయం అడగడానికి వచ్చిన కథ హదీసుల్లో ఉంది. ఇంట్లో ఏముందని ప్రవక్త అడిగారు. సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్లు తాగే ఒక గిన్నె. రెంటినీ తెప్పించి అక్కడికక్కడే వేలం పెట్టారు. ఒకాయన ఒక దిర్హం అన్నాడు. ఇంకా ఎవరైనా ఎక్కువ ఇస్తారా అని అడిగితే మరొకాయన రెండు దిర్హంలు ఇచ్చి తీసుకున్నాడు. ఒకదానితో ఇంటికి తిండి కొనమన్నారు, రెండోదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి ప్రవక్త తన చేత్తో కర్ర బిగించారు. కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా నాకు కనిపించకు అన్నారు. అతను తిరిగి వచ్చేసరికి చేతిలో పది దిర్హంలున్నాయి. ఆ మనిషికి వైకల్యం ఉందని కథలో ఎక్కడా లేదు. నేను దీన్ని చెప్పింది ఆ కర్ర బిగించడం కోసం. గొడ్డలి కొనిస్తే సరిపోదు, అది చేతిలో పనికొచ్చేలా చేయాలి. చేశాక గడువు పెట్టాలి, తిరిగి వచ్చినప్పుడు ఏమైందని చూడాలి. కుట్టుమిషన్లు పంచి ఫొటోలు దిగి వెళ్లిపోయే సేవాకార్యక్రమాల్లో ఈ చివరి రెండూ ఉండవు. తొక్కడానికి కాలు సహకరించని అమ్మాయికి తొక్కుడు మిషన్ ఇస్తే అది ఇంట్లో సామాను పెట్టుకునే బల్ల అవుతుంది.

ఇక్కడ జకాత్ నియమం ఒకటి గుర్తు చేసుకోవాలి. భార్యకు, కన్నబిడ్డలకు, తల్లిదండ్రులకు మన జకాత్ ఇవ్వకూడదు. వాళ్లను పోషించడం ఎలాగూ మన విధి. ఆ విధిని జకాత్ ఖాతాలో రాసుకోకూడదు. పనివాడి జీతాన్నీ జకాత్ కింద కలపకూడదు. దానం ఖాతా వేరు, బాధ్యత ఖాతా వేరు అన్నది ధర్మశాస్త్ర పండితులు పట్టుదలగా కాపాడిన గీత.

మన దేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. వికలాంగులకు వృత్తి నైపుణ్యాలు నేర్పడం అందులో చేయదగ్గ పనుల జాబితాలో ఉంది. కానీ సొంత ఉద్యోగుల మేలు కోసం పెట్టిన ఖర్చు ఆ 2 శాతంలోకి రాదని నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. అంటే ఎక్కడో ఒక సంస్థకు వంద చక్రాల కుర్చీలు ఇస్తే లెక్కలోకి వస్తుంది. తన ఆఫీసు మెట్ల పక్కన, తన ఉద్యోగి కోసం ర్యాంపు కడితే రాదు. కంపెనీల వాళ్లు కొందరు దీన్ని లోపం అంటారు. నేనైతే సరైన నియమమే అంటాను. ర్యాంపు దానం కాదు, అది యజమాని విధి. దాన్ని దానం ఖాతాలో రాయనివ్వకపోవడమే న్యాయం. పదమూడు శతాబ్దాల తేడాతో రెండు శాసనాలు ఒకే గీత గీశాయి. అయితే గీతకు ఇవతల ఉన్న డబ్బు వార్షిక నివేదికలో రంగుల బొమ్మలతో కనిపిస్తుంది, అవతల ఉన్న విధిని అడిగేవాళ్లుండరు. 2011 జనాభా లెక్కల్లో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్న దేశం మనది. 2016 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వారికి కేటాయించింది. ప్రైవేటు రంగంలో మాత్రం కనీసం 5 శాతం వాళ్లే ఉండేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని చెప్పి ఆగింది.

ఇస్లామిక్ ఆర్థిక రంగం దగ్గరికి వస్తే నాకు బాధ కలుగుతుంది. ఏ కంపెనీ వాటాలు ధర్మసమ్మతమో తేల్చడానికి సూచీలున్నాయి. అమెరికాకు చెందిన డౌజోన్స్ 1999లో ఒకటి మొదలుపెట్టింది, మన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో 2010లో ఒకటి వచ్చింది. సారాయి, పంది మాంసం, జూదం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలను తీసేస్తారు. అప్పులు ఎంత శాతం ఉన్నాయో లెక్కగడతారు. ఆ జల్లెడ అవసరమే. కానీ ఈ కంపెనీలో చూపు లేని ఉద్యోగులు ఎంతమంది, బధిరులతో మాట్లాడటానికి ఒక్కరికైనా సైగల భాష వచ్చా అన్న ప్రశ్న ఆ జల్లెడలో లేదు. నిషిద్ధమైనది చేయలేదా అని మాత్రమే అడుగుతున్నాం. చేయవలసినది చేశావా అని అడగడం లేదు.

ఇంకొక సంగతి ఉంది. ఇస్లామిక్ బ్యాంకులు బాకీ ఆలస్యంగా కట్టినవారి దగ్గర తీసుకునే జరిమానాను తమ లాభంలో కలుపుకోకూడదు. అది దానధర్మాల నిధికి పోతుంది. వాటాల మీద వచ్చిన రాబడిలో వడ్డీ కలిసిన భాగాన్ని కూడా అలాగే తీసేసి పేదలకు ఇస్తారు. ఆ డబ్బు మంచి పనికి వాడటంలో తప్పేమీ లేదు. కానీ వికలాంగుల కోసం ఒక సంస్థ చేసేదంతా తాను ఉంచుకోకూడని డబ్బుతోనే అయితే, అప్పుడు మదీనా మసీదు స్తంభాల మధ్య కట్టిన తాడును గుర్తు చేసుకోవాలి. అన్సారీలు ఖర్జూరం కోతల కాలంలో గెలలు తెచ్చి ఆ తాడుకు వేలాడదీసేవారు. ఆకలైన పేదలు కోసుకు తినేవారు. ఎవరో పనికిరాని, ఎండి తాలుగా ఉన్న గెలను తెచ్చి అక్కడ తగిలించారు. మీకిస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోని సరుకును ఇవ్వడానికి ఏరకండి అనే అర్థంతో ఖుర్ఆన్ రెండో అధ్యాయంలోని వాక్యం ఆ సందర్భంలోనే వచ్చిందని చెబుతారు. మిగిలిపోయిన డబ్బు, మిగిలిపోయిన మూల గది, ఎవరూ చేయని పని, ఇవే వికలాంగులకని మనం వదిలిన చోటల్లా ఆ తాలు గెల వేలాడుతూనే ఉంటుంది.

సరే, చట్టంతో ఒత్తిడి పెడితే? సౌదీ అరేబియా ఆ ప్రయత్నం చేసింది. 25 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, పని స్వభావం ఒప్పుకున్న చోట, 4 శాతం వికలాంగులు ఉండాలని అక్కడి కార్మిక చట్టం చెబుతుంది. సంస్థలు ఇంతమంది సౌదీలను తప్పనిసరిగా పెట్టుకోవాలంటూ 2011లో వచ్చిన నితాఖత్ విధానం మన గల్ఫ్ కుటుంబాలకు బాగా తెలుసు, ఎంతోమంది తిరిగి రావలసి వచ్చింది. ఆ విధానంలో ఒక సౌదీ వికలాంగుణ్ణి ఉద్యోగంలో పెట్టుకుంటే నలుగురు సౌదీలను పెట్టుకున్నట్టు లెక్క. ఉద్దేశం మంచిదే. ఫలితం ఏమైందంటే కొన్ని సంస్థలు పేర్లు జాబితాలో రాసుకుని, కొంత జీతం ఇచ్చి, నువ్వు రానక్కర్లేదు ఇంట్లోనే ఉండు అన్నాయి. ఒక మనిషిని నాలుగుగా లెక్కపెట్టి ఒక్కడిగా కూడా చూడలేదు. తర్వాత అక్కడి ప్రభుత్వం 'మువాఅమ' అని ఒక ధ్రువపత్రం తెచ్చింది. పనిచేసే చోటు నిజంగా వికలాంగులకు అనువుగా ఉందా అని చూసి ఇస్తారు. లెక్క నుంచి చోటు దగ్గరికి చూపు మరలింది, అది నయమే.

ఇండొనేషియా కథ నాకు ఎక్కువ నచ్చుతుంది. 2016 నాటి వికలాంగుల చట్టం అక్కడ ప్రైవేటు సంస్థలకు 1 శాతం, ప్రభుత్వానికీ ప్రభుత్వ సంస్థలకూ 2 శాతం ఉద్యోగాలు తప్పనిసరి చేసింది. జకాత్ వసూలుకు అక్కడ బజ్నాస్ అనే జాతీయ సంస్థ ఉంది. పేదల కనీసావసరాలు తీరాక జకాత్ సొమ్మును ఆదాయం తెచ్చే పనుల మీద పెట్టవచ్చని 2011 చట్టం అనుమతించింది. జకార్తా నగరం నడిబొడ్డున, రైల్వేస్టేషన్ పక్కన కెండాల్ అనే సొరంగ మార్గం దగ్గర, ఆ సంస్థ జకార్తా శాఖ ఒక కాఫీ దుకాణం పెట్టింది. పేరు దిఫాబిస్. కాఫీ కలిపేదీ, ఇచ్చేదీ వికలాంగులు, వాళ్లలో చాలామంది బధిరులు. రైలు దిగి ఆఫీసుకు పరిగెత్తే మనిషి అక్కడ ఒక్క నిమిషం ఆగి, తనకు కావలసింది వేలితో చూపించాలి, సైగలు వస్తే వాటితో అడగాలి. కప్పుకు డబ్బు కట్టాలి. అక్కడ ఎవరూ ఎవరికీ దానం చేయడం లేదు, కాఫీ కొంటున్నారు. చిన్న దుకాణమే. దాంతో దేశం మారిపోదు. కానీ జకాత్ డబ్బు అక్కడ గొడ్డలి అయింది, కర్ర బిగించిన గొడ్డలి.

పనిచోటు తానే భాష నేర్చుకున్న పాత ఉదాహరణ కూడా ఒకటుంది. ఉస్మానియా తురుష్క సుల్తానుల ఇస్తాంబుల్ కొలువులో బధిరులు ఉద్యోగులుగా ఉండేవారు. 16, 17 శతాబ్దాల్లో వాళ్ల సైగల భాషను కొలువులోని మిగతావాళ్లూ, సుల్తానులూ నేర్చుకుని వాడారు. ఇప్పుడు ఒక బధిర ఉద్యోగి కోసం పదిమంది సహోద్యోగులు వారానికో గంట సైగలు నేర్చుకోవడం సాధ్యం కాదని చెప్పే మేనేజర్లకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

మసీదుల నిర్వాహకులకూ ఒక మాట. చక్రాలకు మట్టి ఉంటుందని కుర్చీని వాకిట్లోనే ఆపి, మనిషిని ఇద్దరు ఎత్తుకుని లోపల కూర్చోబెట్టడం చాలాచోట్ల చూస్తాం. చక్రాలు తుడవడానికి తడిగుడ్డ, నాలుగడుగుల ర్యాంపు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూను కూర్చుని చేసుకోవడానికి వీలుగా ఒక కుళాయి చాలు. బ్రిటన్‌లోని లెస్టర్‌లో 2008లో చూపు లేని ఒక యువకుడి కోసం, దారి చూపే కుక్కను మసీదు ఆవరణలోకి రానివ్వవచ్చని పండితులు ఫత్వా ఇచ్చారు. కుక్క నమాజు హాల్లోకి రాకుండా దానికి వేరే చోటు చూపించారు. కుక్క విషయంలో అంత పట్టింపు ఉన్న ధర్మశాస్త్రంలోనే ఆ దారి దొరికింది. అలాంటప్పుడు ర్యాంపు కట్టడానికి ఇబ్బంది ఏముంటుంది?

ఇక చివరగా, మన తెలుగువాళ్లకు నేరుగా తగిలే విషయం. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లి, కట్టడం మీదినుంచి పడో, యంత్రంలో చెయ్యి పోయో తిరిగి వచ్చినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వికలాంగులకు ఉద్యోగాలివ్వడం ఒక బాధ్యత. బాగున్నవాణ్ణి వికలాంగుణ్ణి చేయకుండా ఉండటం అంతకంటే ముందున్న బాధ్యత. ఒకరికి హాని చేయకూడదు, హానికి బదులు హాని కూడా చేయకూడదన్నది ఇస్లామిక్ న్యాయశాస్త్రానికి పునాది సూత్రాల్లో ఒకటి. శరీర భాగాలకు నష్టపరిహారాన్ని ఆ శాస్త్రం ఎప్పుడో లెక్కగట్టింది. ప్రాణానికి వంద ఒంటెలైతే, ఒక చేతికి యాభై, ఒక కంటికి యాభై, ఒక వేలికి పది. పనివాడి వేలికి కూడా ధర కట్టి, అది చెల్లించే తీరాలన్న సంస్కృతి అది. నేటి సౌదీలో ఆ భారం సామాజిక బీమా మీద ఉంది. విదేశీ కార్మికుడి పని ప్రమాదాల బీమా కోసం యజమానే జీతం మీద 2 శాతం కట్టాలి. కార్మికుడి జేబులోంచి తీయడానికి లేదు.

కాలు పోయి తిరిగి వచ్చిన మనిషి కోసం ఊళ్లో చందాలు పోగుచేస్తారు. చందా ఇవ్వండి, తప్పులేదు. కానీ దానికంటే ముందు ఆ బీమా సొమ్ము అడిగారా లేదా కనుక్కోండి. మీ ఇంటి మనిషి అక్కడ ప్రమాదానికి గురైతే, యజమాని ప్రమాదాన్ని బీమా సంస్థకు తెలియజేశాడా అని మొదట అడగండి. ఆసుపత్రి కాగితాలు, వైకల్యం ఎంత అని వైద్యులు రాసిచ్చిన పత్రం, పని ఒప్పందం, ఇఖామా అనే నివాస అనుమతి పత్రం, ఇవన్నీ విమానం ఎక్కకముందే జిరాక్సులు తీయించి, ఫోన్‌లో ఫొటోలు కూడా ఇంటికి పంపించమనండి. బాకీలన్నీ తీరిపోయాయి, సంతకం పెట్టు అని ఇచ్చే అరబీ కాగితం మీద, చదివి చెప్పేవాళ్లు లేకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. అవసరమైతే రియాద్‌లోని భారత రాయబార కార్యాలయానికో, జెద్దాలోని కాన్సులేట్‌కో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.